పెదనాన్న నియర్ బై

పత్తికొండలో పెళ్ళిసంబంధాలు కుదిర్చే మా పెదనాన్న దూరాన్ని ఇంగ్లీషులోనే కొలిచేవాడు. వరుడు నచ్చితే బెంగుళూరు కూడా ‘నియర్ బై’, నచ్చకపోతే పక్కవీధి సైతం ‘రిమోట్ ఏరియా’. ‘అవుట్‌స్కర్ట్స్’ అన్నాడంటే సగం భూగోళం దాటాల్సిందే. ఈ కొలత ఏ బడిలో నేర్చాడో నాకిప్పటికీ అంతుపట్టదు.

అడిగితే, “దూరమంటే తల్లులు ఏడుస్తారప్పా, నియర్ బై అంటే కాఫీ ఇస్తారు” అనేవాడు.

చివరకు ఆయన కూతురికే కర్నూలు పక్క కల్లూరు సంబంధం వచ్చింది. పెళ్ళిచూపుల్లో అబ్బాయి ఆమెకు నచ్చాడు. ఇక పెదనాన్న ఒప్పుకోవాలి.

“నియర్ బైయే కదా, ఊ అనేదానికేమి?” అంది పెద్దమ్మ.

ఆయన నాలుగుసార్లు గొంతు సవరించుకున్నాడు. ఇంగ్లీషు రాలేదు.

“శానా దూరముండాదే” అన్నాడు.

తర్వాత పెళ్ళికొడుకును ఉద్యోగం సంగతైనా అడగకుండా, “ఆడినుంచి మా ఊరికి ఆఖరు బస్సు ఎన్నిగంటలకప్పా?” అన్నాడు.