ఉత్తుత్తి పడవలో మా నాన్నమ్మ

నిన్న ఏలూరు ఎగ్జిబిషన్లో మా అమ్మాయి నా కళ్ళకో వీఆర్ పెట్టె తగిలించింది. బల్ల మీద కూర్చునే సముద్రంలో పడవ షికారు చేయొచ్చట! నీళ్ళు కనబడగానే మా నాన్నమ్మ గుర్తొచ్చింది.

మీకూ గుర్తుందా, మన చిన్నప్పుడు జాతరలో ఫోటో స్టూడియో? వెనక తెర మీద నీలంరంగు సరస్సు, ముందు నేల మీద ఉత్తుత్తి చెక్కపడవ. పొద్దస్తమానం కొల్లేట్లో దోనెల మీద తిరిగే మేం, ఆ పడవెక్కడానికి మొహాలకి పౌడరు దట్టించుకుని మరీ వెళ్ళాం.

ఫోటోగ్రాఫరు అందర్నీ ఒకే పక్కన కూర్చుని తనవైపు చూడమన్నాడు. నాన్నమ్మ ససేమిరా అంది.

"ఏవండీ, అందరూ ఓ పక్కకే కూర్చుంటే ఒరిగిపోద్దండీ! పిల్లలున్నారు."

"కింద నేలేనండీ మామ్మగారూ."

"మరి నీళ్ళెందుకు గీశారండీ?"

 చివరికి సగంమందిమి రెండో పక్కన, కెమెరాకి వీపు తిప్పి కూర్చున్నాం. ఆ ఫోటోలో నేనంటే రెండు జడలూ, రిబ్బన్లూ.

నిన్న పెట్టెలో పడవ ఒరిగింది. చటుక్కున రెండో పక్కకి జరిగి, బల్ల మీంచి కిందపడ్డాను. మా అమ్మాయి లేపకుండా ఒకటే నవ్వు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"నవ్వుతావేంటే? ముందే నువ్వు ఇటు కూర్చునుంటే ఒరిగేదా?"