జింకు బకెట్టులో మజ్జిగ

యుద్ధం రోజుల్లో, ఇత్తడి గిన్నెలకు కళాయి పూసే తగరం కరువైంది. గురజాలలో మా ఇంటికి ఏటా వచ్చే కళాయి అతను ఈసారి గడపలోనే నిలబడి, "సరుకు రావట్లేదమ్మా, ఏం చేసేది" అని వెళ్లిపోయాడు. కళాయి లేని ఇత్తడిలో పులుపు పోస్తే చిలుమెక్కి విషమవుతుందని అందరికీ తెలుసు. అందుకని అత్తగారు గంగాళాలు బోర్లించి, నీళ్లు పట్టుకునే జింకు బకెట్టును వంటింట్లోకి తెచ్చారు. రెండేళ్లుగా అందులో నీళ్లు నిలవుంటున్నా అడుగున తెల్లటి పొర తప్ప ఏమీ పట్టలేదు. నీళ్లకు ఏమీ కానిది మజ్జిగకు మాత్రం ఏమవుతుందనుకున్నాం.

అది నా మూడో కాన్పు. నిద్ర లేదు, నడుము నిలవదు. ఎవరేం చెప్పినా తల ఊపేదాన్ని. బారసాల నాడు ఎండ మండిపోతోంది. ఎన్నో ఏళ్లుగా మజ్జిగ అమ్ముకునే బతుకుతున్న మా వీధి ముసలమ్మ పొద్దున్నే కడవ తెచ్చి ఇచ్చింది. దాన్ని బకెట్టులో పోసి, నిమ్మకాయలు పిండి, ఉప్పు వేసింది నేనే.

మధ్యాహ్నం తాగినవాళ్లు తాగినట్టే కక్కుకున్నారు. ప్రాణాలు పోలేదు గానీ, పరువు పోతోందని అత్తగారు ముసలమ్మను పిలిపించారు.

"ఏమే, ఏం కలిపి తెచ్చావు?"

"నేనేం కలుపుతానమ్మా? ఇదిగో, మీ కళ్ల ముందరే తాగుతా" అంటూ ఆమె అదే బకెట్టులో చెంబు ముంచి గటగటా తాగేసింది. కాసేపటికి అందరి ముందూ వాంతి చేసుకుంది. ఇక ఎవరూ ఏమీ అడగలేదు. మర్నాటి నుంచి ఆమె కడవ దగ్గరికీ ఎవరూ రాలేదు.

నాలుగో రోజు, పాపకు మందు తెచ్చిన కాంపౌండరు సంగతంతా విని బకెట్టు చూపించమన్నాడు. మజ్జిగ ఉన్నంత మేరా లోపల మెరుపు పోయి మసకబారింది. మర్నాడు చిన్న సీసాలో యాసిడ్ తెచ్చి, అంచు మీద ఒక చుక్క వేశాడు. బుసబుసమని నురగ లేచింది.

"చూశారా? నీళ్లకి మెదలదు. పులుపు తగిలిందా, కరిగిపోద్ది. మీరంతా తాగింది జింకు. ముసలమ్మ తప్పేం లేదు."

"ఈ మాట గడప దాటిందో, చూడు" అన్నారు అత్తగారు, అతను వెళ్లగానే. దాటలేదు. బాలింతను, అలసిపోయాను అని నాకు నేనే చెప్పుకున్నాను. నా పిరికితనానికి నేను పెట్టుకున్న పేరు అది. ఇప్పటికీ ఆ అలసట తీరలేదు.

మూడు నెలలకు గానీ ముసలమ్మ ఇంటికి వెళ్లలేకపోయాను. అప్పటికే గేదెను అమ్మేసింది, కడవలు పగలగొట్టుకుంది. బకెట్టు సంగతి, యాసిడ్ చుక్క సంగతి పూసగుచ్చినట్టు చెప్పి ఏడ్చాను. ఆమె అంతా విని నా చెయ్యి పట్టుకుంది.

"చానా మంచిదానివి తల్లీ. నా మీద జాలిపడి తప్పు మీ ఇంటి మీద వేసుకుంటన్నావు. నేను తాగి కక్కలా? నా కడుపు నాకు అబద్ధం చెప్పుద్దా?"