జ్యోతి తిప్పిన సైరన్

మా ఊరిని పరుగెత్తించాలంటే పామే రానక్కర్లేదు, సైరన్ చాలు. రాజంపేట అవతల కొండ కింద మా ఊరు. కొండ మీద రాతి క్వారీ. మధ్యాహ్నం మందు పేల్చే ముందు సైరన్ మోగిందంటే మిద్దె మీది వడియాలు, వీధిలోని కోళ్లు, అరుగు మీది ముసలాళ్లు, అన్నీ ఇంటి కప్పు కిందికి చేరాల్సిందే. పేలుడయ్యాక రెండో సైరన్ మోగేదాకా ఎవరూ తల బయటపెట్టరు.

మా పక్కింటి అరుణజ్యోతికి ఆ సైరన్ అంటే ప్రాణం పోయేంత భయం. వాళ్ల నాయన ఓబుళేశు ఆ క్వారీలోనే పనిచేసేవాడు. జ్యోతికి ఎనిమిదేళ్లప్పుడు ఒకరోజు ఆయనకు సంగటి క్యారియర్ తీసుకుపోతూ ఆలస్యం చేసింది. సైరన్ మోగింది. బిడ్డ ఇంకా రాలేదేమని ఆయన చాటు వదిలి బయటికొచ్చి చూశాడు. రాయి ఎగిరొచ్చి తగిలింది. అంతే, మనిషి పోయాడు. దారిలో ఎందుకు ఆలస్యమైందని ఎవరూ అడగలేదు, జ్యోతీ చెప్పలేదు.

అప్పటినుంచి సైరన్ మోగితే జ్యోతి మంచం కిందే. తల్లి తిమ్మమ్మ ఎక్కడున్నా పరుగెత్తుకొచ్చి, తనూ మంచం కింద దూరి బిడ్డను పట్టుకునేది. అంగన్‌వాడీ టీచరయ్యాక కూడా ఇదే తంతు. మంచం కింద ఊరికే వణకడమెందుకని జ్యోతి కథలు రాయడం మొదలుపెట్టింది. కాగితాలకు నా దోసెల హోటలే దిక్కు. నెల ముగియకముందే నా క్యాలెండర్ చించుకుపోయి, వెనకవైపు రాసుకునేది. "తిథి చూడల్లంటే నీ ఇంటికి రావల్లనా?" అని ఎన్నిసార్లు తిట్టానో! ఏం లాభం? దాని కథ వింటూ అంగన్‌వాడీ పిల్లలు చేతిలో గుడ్డు కూడా మరిచిపోయేవాళ్లు. మళ్లీ నేనే చించి ఇచ్చేదాన్ని.

ప్రతి కథలోనూ ఒక పిల్ల క్యారియర్ పట్టుకుని బయలుదేరేది. క్వారీకి మాత్రం చేరేది కాదు. పోయిన ఏడు పట్టుబట్టి ఒక కథ చివరిదాకా రాసింది. అది చదివి బద్వేలు కుర్రాడు దావీదురాజు చిన్న సినిమా తీస్తానన్నాడు. జ్యోతి ఒక్క షరతు పెట్టింది: ఊళ్లో సైరన్ మోగించకూడదు, ఆ చప్పుడు తర్వాత కలుపుకోవాలి.

జనవరిలో, క్వారీకి సెలవని ఆదివారం చూసి దిగారు. షూటింగంటే మాటలా! ఊరంతా పౌడర్ పూసుకుని మా వీధిలో నిలబడింది. నేను పట్టుచీర కట్టాను, తప్పేముంది? వీధి చివర చెట్టు కింద, జ్యోతి వేషం వేసిన సుప్రజ అనే పాప క్యారియర్ పక్కన పెట్టి రేగిపండ్లు ఏరుతోంది. ఆలస్యం ఇందుకా అని అప్పుడు తెలిసింది నాకు. ఇక సైరన్ విన్నట్టు పాప బెదిరిపోవాలి. ఎంత చెప్పినా దానికి నవ్వే వస్తోంది.

"చప్పుడు లేకుంటే భయం రాలేదక్కా. ఈ సీను తీసేద్దామా?" అన్నాడు దావీదురాజు.

తీసేస్తే జ్యోతి కథ మళ్లీ సగం దారిలోనే ఆగిపోతుంది. దాని మొహంలో నెత్తురు చుక్క లేదు. సినిమాలో చూపించడానికని క్వారీ నుంచి తెచ్చిన చేతి సైరన్ దగ్గరికి నడిచింది.

"తీసేయొద్దప్పా. నేనే తిప్పుతా," అని పిడి పట్టుకుని గిర్రున తిప్పింది.

అది షూటింగని మాకందరికీ తెలుసు. కాళ్లకు తెలియాలి కదా! ఊరు ఊరంతా పరుగే పరుగు. పట్టుచీరతో నేను నా హోటల్ బల్ల కింద తేలాను. "షూటింగప్పా, రాండి!" అని దావీదురాజు గొంతు చించుకున్నా ఒక్కరు కదిలితే ఒట్టు. రెండో సైరన్ మోగందే ఎట్లా వస్తాం?

బల్ల కింద నుంచి చూస్తున్నాను. ఇంట్లోకి దూరిన తిమ్మమ్మ గొల్లుమంటూ బయటికొచ్చింది. "ఓయమ్మా, బిడ్డ మంచం కింద లేదే! యాడికి పాయనే!"

"మా, ఈడుండా!"

వీధి మధ్యలో, ఏ కప్పూ లేనిచోట, జ్యోతి నిలబడి ఉంది. ఒళ్లంతా వణుకుతోంది, మొహం మాత్రం నవ్వుతోంది. తిమ్మమ్మ పోయి దాన్ని గట్టిగా పట్టుకుంది.

"ఆ పాప రేగిపండ్లు ఏరేది, నువ్వు రాసిందేనా?"

"అవున్మా. అందుకే ఆలస్యమాయ. నా వల్లే నాయన..."

"నోరుముయ్యే! మీ నాయనకు ఇష్టమని ఏరుకోని పొమ్మని చెప్పింది నేను గదే! ఇన్నేండ్లూ నా వల్లేనని నేను ఏడుస్తాంటే, నీ వల్లని నువ్వు ఏడుస్తాండావా?"

ఇద్దరూ వెక్కివెక్కి ఏడ్చారు, తర్వాత ఒకరి మొహం ఒకరు చూసుకుని పకపకా నవ్వారు. నాకూ కళ్లు చెమర్చాయి, కానీ నడుము పట్టేసింది. "ఏమే జ్యోతీ, మమ్మల్ని ఈడనే సంపుతావా? రెండోది తిప్పే!" అని అరిచాను. తల్లీ కూతుళ్లిద్దరూ పిడి పట్టుకుని తిప్పారు. అప్పుడొచ్చింది ఊరు బయటికి. సుప్రజ బెదరడం మాత్రం కెమెరాలో బ్రహ్మాండంగా పడిందట.

సోమవారం మధ్యాహ్నం అసలు సైరన్ మోగింది. జ్యోతి నా హోటల్లోకొచ్చి బల్ల ముందు కూర్చుంది. "మంచం కింద చీకటి, లక్ష్మక్కా, ఈడైతే వెలుతురుండాది," అంటూ కొత్త క్యాలెండర్ మీద చెయ్యేసింది. జనవరి ఇంకా సగం కూడా కాలేదు! తిట్టబోతుండగా అలవాటు కొద్దీ తిమ్మమ్మ పరుగెత్తుకొచ్చింది. ఆమె కొంగు నిండా రేగిపండ్లు.