తలుపు పక్క స్పీకరు

"అబ్బే, ఆ మీట జోలికి మాత్రం వెళ్లకండి. అది బేసు, పాటలో దడదడంతా దానిదే. దాన్ని కదిపితే ఇంట్లో నాకు అన్నం పుట్టదు," అంటూ మీటల మామయ్య నా చేతిని మెల్లగా పక్కకు తోశాడు.

"ఎవరు పెట్టరు మామయ్యా? అత్తయ్యా, మీ కోడలా?"

"పెంచితే మీ అత్తయ్య పెట్టదు. తగ్గిస్తే కోడలు పెట్టదు. మధ్యలో ఉంచితే ఇద్దరూ కలిసి మానేస్తారు."

నన్ను నవ్వించాడే గానీ తను నవ్వలేదు. ఆయన చూపంతా చర్చి మందిరం తలుపు మీదే ఉంది. ఆరాధన మొదలవబోతోంది, అత్తయ్య ఇంకా లోపలికి రాలేదు.

మామయ్య వాషింగ్ మెషీన్ల మెకానిక్కు. వారమంతా తడి గొట్టాలతో, తుప్పు పట్టిన మరలతో కుస్తీ పడతాడు. ఆదివారం పొద్దున్నే ఉతికిన చొక్కా వేసుకొచ్చి, చివరి వరస వెనక సౌండ్ మిక్సర్ ముందు కూర్చుంటాడు. అన్ని మీటలూ ఆయన చేతిలోనే ఉంటాయి కాబట్టి చిన్నా పెద్దా అందరికీ మీటల మామయ్యే అయ్యాడు. ఈ విద్య ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. ఎవరో పారేసిన ఆంప్లిఫయర్ ఇంటికి తెచ్చుకుని, విప్పి, మళ్లీ బిగిస్తే ఒక మర మిగిలిపోయిందట. "అది లేకుండానే బ్రహ్మాండంగా పాడింది. మరి దాన్నెందుకు పెట్టారో పెట్టినవాడికే తెలియాలి," అంటాడు.

ఆయన కోడలు కొరియర్ ఆఫీసులో పార్సిళ్లు తూచే ఉద్యోగం చేస్తుంది. సాయంత్రాలు లాప్‌టాప్‌లో పాటలకు సంగీతం కడుతుంది. ఆ అమ్మాయి వచ్చాక మందిరంలో పాత ఆర్గాను మీద దుప్పటి కప్పారు. ఇప్పుడు పాట ఫ్రిజ్ హోరులా సన్నగా మొదలవుతుంది, ఆ హోరు గదంతా నిండుతుంది, దాని కిందనుంచి దడ్ దడ్‌మని బీటు లేస్తుంది. దాని గురించి ఎవరేమంటారో వినడానికే నేను మామయ్య పక్కన చేరాను. అభిప్రాయాలన్నీ ముందు ఆయన బల్ల దగ్గరికే వస్తాయి మరి.

"కొట్టుకునేది నా గుండో మీ స్పీకరో తెలియట్లేదు మామయ్యా," అన్నాడు దర్జీ ఒకసారి, కంప్లయింటుగానో మెచ్చుకోలుగానో తేల్చకుండా. రిటైరైన టీచరుగారు మాత్రం తేల్చేశారు. "దేవుడికి చెవుడొచ్చిందని మీకెవరు చెప్పారు?" ఆస్పత్రిలో పనిచేసే నర్సు పాట అయిపోయాక కూడా చాలాసేపు లేవలేదు. "డ్యూటీలో ఉన్నంతసేపూ మెషీన్ల చప్పుడే. వాటి మధ్యే మనసులో దేవుణ్ణి తలుచుకుంటాను. ఈ పాట వింటే నా వార్డులో నిలబడ్డట్టుంది," అంది. అందరికీ మామయ్యది ఒకటే జవాబు, "చూద్దాం."

అలా చూద్దాం అని ఊరుకోలేకపోయింది ఒక్క మనిషి విషయంలోనే. అత్తయ్య అక్కడ ఎన్నో ఏళ్లుగా పాట అందించిన మనిషి. చదవడం రానివాళ్ల కోసం, ఒక్కో లైనుకు ముందు మాటలు గట్టిగా చెప్పేది, అవి పట్టుకుని అందరూ పాడేవాళ్లు. మామయ్యకూ చదువు అంతంతే. "పెళ్లికి ముందే ఆవిడ అందించింది, నేను పాడాను. పెళ్లయ్యాకా అంతే. నా సొంత మాట ఒక్కటుంటే చూపించండి!" అంటాడు. కొత్త సంగీతం వచ్చాక ఆవిడ చెవిపోటు అంటూ పాటల వేళకు బయట మెట్ల మీదికి వెళ్లి కూర్చోవడం మొదలుపెట్టింది. ఇంట్లో అత్తాకోడళ్ల మధ్య మాటలు కూడా ఉప్పు అందుకో, తలుపు వేసుకో దాకా వచ్చేశాయి.

నిన్న భోజనాల దగ్గర కోడలు కంచంలో చెయ్యి ఆపి చెప్పిందట. "రేపు కూడా అత్తయ్య బయటే కూర్చుంటే నేను వాయించడం మానేస్తాను మామయ్యా. ఇంట్లోంచి అత్తను వెళ్లగొట్టిన కోడలంటే పడతానేమో గానీ, మందిరంలోంచి వెళ్లగొట్టిన కోడలంటే పడలేను." అన్న మాట మీద నిలబడే పిల్ల. మామయ్య భయమంతా అదే.

"అందుకే ఒక పని చేశా," అన్నాడు నా చెవి దగ్గరికి వంగి. "తలుపు పక్క స్పీకరు వైరు పీకి, బేసు పోని లైనులో పెట్టా. అక్కడ కూర్చున్నవాళ్లకి దడదడ ఉండదు. కోడలికి చెప్పకండేం."

అంతలో అత్తయ్య వచ్చింది. తలుపు పక్క కుర్చీ అంచున, లేచిపోవడానికి సిద్ధంగా కూర్చుంది. తనతో వాయించే ముగ్గురు కుర్రాళ్లతో ముందున్న కోడలు ఒకసారి వెనక్కి చూసి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంది. హోరు మొదలైంది.

తలుపు వైపు నుంచి ఇంకేదో వినపడింది. టిక్, టిక్, టిక్. దాని మీద కోడలి గొంతే, రికార్డు చేసింది, పొడి పొడిగా, "ఇప్పుడు మొదటి చరణం," అని, ఆ వెంటనే పాట మొదటి లైనులోని తొలి మాటలు చెప్పింది.

మామయ్య బల్ల కింద వైర్ల వైపు వంగాడు. "చచ్చాను. అది వాయించేవాళ్ల చెవుల్లోకి పోయే లైను!"

వాయించేవాళ్లు తాళం తప్పకుండా ఆ టిక్కులు, దారి తప్పకుండా ఆ మాటలు చెవుల్లో వింటూ ఉంటారు. అవి బయటికి రాకూడదు. తలుపు దగ్గరివాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటున్నారు. దర్జీ గోడ గడియారం వైపు చూశాడు. మామయ్య వైరు పీకబోయాడు, అత్తయ్య చెవి రిక్కించి వింటోందని నేను ఆయన మణికట్టు పట్టుకున్నాను. అత్తయ్య లేచి నిలబడింది.

బయటికి వెళ్లలేదు. స్పీకరు దగ్గరికి వెళ్లి చెవి పెట్టింది. రెండో లైను మాటలు రాగానే వాటిని అందుకుని, పూర్తి లైను గట్టిగా, పాత రోజుల్లోలాగే చెప్పేసింది. దర్జీ పాడాడు. పక్కనున్న ముసలాయన పాడాడు. తర్వాతి లైనుకు వెనక సగం మందిరం ఆవిడ నోటి కోసం చూస్తోంది, ముందు సగం బీటుతో వెళ్లిపోతోంది. రెండూ కలవక, పాట గుంటల రోడ్డు మీద బండిలా ఊగింది. కోడలు ఒక చెవిలోది పీకేసి వెనక్కి చూసింది. చెయ్యి లాప్‌టాప్ మూత మీదుంది. మూత పడలేదు. పాట ఎలాగో ఒడ్డున పడింది.

అత్తయ్య నేరుగా మా బల్ల దగ్గరికి వచ్చింది.

"ఆ మాటలు ఎప్పట్నుంచి వస్తున్నాయి?"

"మొదట్నుంచీ ఉన్నాయే. వాళ్ల చెవుల్లోకి మాత్రం."

"అంటే అందించడం ఆపలేదన్నమాట! మాకు ఆపేసి, వాయించే ఆ నలుగురికీ పెట్టారన్నమాట!"

"చెవిపోటన్నావు కదే?"

"మరేమనమంటారు? పాట ఆగని బస్సులా పోతోంది, ఎక్కడ ఎక్కాలో తెలియట్లేదంటే, ముసలిదానికి మతి పోయిందనరూ?" అని, జవాబు కోసం ఆగకుండా ముందుకు నడిచింది.

కోడలు మూత సగం దించి నిలబడి ఉంది. అత్తయ్య గొంతుకు మైకు అక్కర్లేదు కాబట్టి మాకన్నీ వినపడుతున్నాయి.

"లైనుకీ లైనుకీ మధ్య నాకు చోటియ్యి అమ్మాయ్."

"ఆపితే బీటు చచ్చిపోతుంది అత్తయ్యా."

"చావనీ."

"చావనివ్వను. మిగతావన్నీ తీసేసి బీటొక్కటే ఉంచుతా. దాని మీద చెప్తారా?"

"ఆ దడదడ మీదా?"

"దాని మీదే. చెప్తానంటే వాయిస్తా, లేదంటే ఇంతే."

మూత అలాగే సగంలో ఉంది. రెండో పాట కోసం పాస్టరుగారు గొంతు సవరించుకుంటున్నారు, అందరి తలలూ అటే తిరిగి ఉన్నాయి.

మామయ్య బల్ల సొరుగు లాగి, ఒక మైకు తీసి, చొక్కా అంచుతో తుడిచి నా చేతిలో పెట్టాడు.

"మీరు తీసుకెళ్లండి బాబూ. నేను వెళితే పెళ్లాం పక్షమంటారు. ముందు కోడలికి చూపించండి, తల ఊపితేనే మీ అత్తయ్య చేతికివ్వండి. పరిగెత్తకండి. స్విచ్ కింద ఉంటుందని చెప్పండి. కాస్త మెల్లగా చెప్పమని మాత్రం పొరపాటున కూడా అనకండి."