పందిట్లో ఫ్రిజ్

నేను విదేశీ వైద్య సంస్థలో పనిచేస్తున్నానంటే మాచర్లలో ఎవరైనా ముందు అడిగేది "డాక్టరువా, నర్సువా?" అని. రెండూ కాదు, ఫ్రిజ్‌లు బాగుచేస్తానంటే ముఖాలు వాడిపోతాయి. అంత దూరం విమానమెక్కి పోయి చేసేది ఇదా అన్నట్టు చూస్తారు. మొదట్లో ఓపిగ్గా వివరించేదాన్ని. ఇప్పుడు అంత ఓపిక లేదు. యుద్ధం వచ్చిన చోటికీ, రోగాలు ముసిరిన చోటికీ డాక్టర్లను పంపే సంస్థ మాది. ఆ డాక్టరు చేతిలో టీకా ఉండాలి కదా. ఆ టీకా సీసా ఎనిమిది డిగ్రీలు దాటకుండా చల్లగా ఉండాలి కదా. వేడెక్కి చెడిన టీకా పిల్లలకు వేసినా వెయ్యనట్టే. ఆ చల్లదనం కాపాడటమే నా ఉద్యోగం.

ఈ పని కొంత నరసరావుపేట ఐటీఐలో నేర్చుకున్నాను. మిగతాదంతా మాచర్ల బస్టాండు వెనక రిపేరు షాపులో నేర్చుకున్నాను. షాపాయన మా పక్కింటాయన. వీధిలో అందరూ ఆయన్ని మామా అంటారు, నేను ఉస్తాద్ అంటాను. ఆడపిల్ల స్పానర్ పట్టుకోవడమేందని నలుగురూ నసుగుతుంటే, "చేతులదేముంది, దీని చెవులు మంచియ్యి" అని నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఆయన లెక్కలో రిపేరంటే ముందు వినడం. విప్పడం తర్వాతి సంగతి.

నాకు సంస్థలో ఉద్యోగం వచ్చినప్పుడు మాత్రం ఆయన సంతోషించలేదు. "అక్కడ పార్టులు మార్చడం నేర్పుతారు. రిపేరు మర్చిపోతావు పో" అన్నాడు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "మర్చిపోతే మీకేంది?" అని వచ్చేశాను. ఏడాది తర్వాత మొదటి సెలవుకు ఇంటికొచ్చి నాలుగు రోజులైనా షాపు వైపు తొంగి చూడలేదు.

ఐదో రోజు, మే నెల ఎండలో, పదకొండు గంటలకే అమ్మ కంచం పెట్టింది. ముద్ద కలుపుతుండగా ఫోను మోగింది. ఆఫ్రికాలో మా సంస్థ నడుపుతున్న శరణార్థుల శిబిరం నుంచి. చేసింది నా బదులు అక్కడ పని చూస్తున్న టెక్నీషియన్. శిబిరంలో పిల్లలకు తట్టు సోకింది. ఒళ్లంతా దద్దుర్లు, జ్వరం, ఆనక ఊపిరాడక పోవడం. ఆ రోజే టీకాల కార్యక్రమం. తల్లులు చీకటితో లేచి నడిచొచ్చి బారులు తీరారు. టీకాలున్న ఫ్రిజ్ తెల్లారేసరికి ఆగిపోయింది. లోపల అప్పటికే ఆరున్నర డిగ్రీలు, ఇంకా ఎక్కుతోంది. ఐస్ ప్యాకులు ముందురోజే వాడేశారు.

ఒకటొకటిగా అడిగాను. మిషన్ని లేపే రిలే మార్చాడట. థర్మోస్టాట్ మార్చాడట. వోల్టేజి చూశాడట, సరిగ్గా ఉందట. మిషను "గుంయ్" మంటుంది, కాసేపటికి "టక్" మని ఆగిపోతుంది, అంతే. పుస్తకం ప్రకారం ఇక మిగిలింది కంప్రెసర్ ఒక్కటే, అది పోతే ఫ్రిజ్ పోయినట్టే. ఈలోగా శిబిరం పెద్ద డాక్టరమ్మ ఫోను తీసుకుంది. "నీ మాట కోసమే ఆగాను. ఫ్రిజ్ పోయిందంటే ఈ టీకాలు వాడను, జనాన్ని వెనక్కి పంపేస్తాను. మళ్లీ టీకాలు రావడానికి పది రోజులు" అంది. అక్కడ కొందరు పిల్లలకు పది రోజుల టైము లేదని నాకు తెలుసు.

పోయిందనే మాట నాలిక చివరిదాకా వచ్చింది. చెప్పడానికి భయమేసింది. "పది నిమిషాలివ్వండి, తలుపు మాత్రం తెరవొద్దు" అని చెయ్యి కడుక్కోకుండానే లేచాను.

"ఏమే, అన్నం ముందు నుంచి లేస్తారటే?" అంది అమ్మ.

"ఫ్రిజ్ పాడైందమ్మా!"

"మన ఫ్రిజ్ బాగానే ఉందిగదే!" అని అమ్మ వెనక నుంచి అరుస్తూనే ఉంది. నేను చెప్పుల్లేకుండా వీధి దాటేశాను.

షాపులో ఉస్తాద్ నాపరాతి అరుగు మీద కూర్చుని ఒక ఫ్రిజ్ వెనక వైపు విప్పుతున్నాడు. వెల్దుర్తిలో కూల్ డ్రింకుల కొట్టాయనది. ఆయన పక్కనే స్టూలు మీదున్నాడు. ఉస్తాద్ తలెత్తకుండానే, "వచ్చావా విమానాలమ్మా! ఏంది, పార్టులు దొరకలేదా?" అన్నాడు.

మరో రోజైతే అక్కడి నుంచే తిరిగి వచ్చేసేదాన్ని. ఆ రోజు పౌరుషమంతా దిగమింగి, సంగతి నాలుగు ముక్కల్లో చెప్పి, "మీరు వినండి ఉస్తాద్" అని ఫోను స్పీకర్లో పెట్టి ఆయన ముందుంచాను. ఆయన చేతిలో పనిముట్టు కింద పెట్టాడు. ఫ్యాను కట్టెయ్యమని కొట్టాయనకు సైగ చేశాడు. ఆఫ్రికాలో మావాడు ఫోను తీసుకెళ్లి ఫ్రిజ్ వెనక పెట్టాడు. గుంయ్... టక్. ఉస్తాద్ కళ్లు మూసుకున్నాడు. "ఇంకోసారి" అన్నాడు. మళ్లీ అది వచ్చేదాకా ముగ్గురం ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. గుంయ్... టక్.

"అమ్మాయ్, అక్కడ పందిరేశారా?"

నా ఒళ్లు మండిపోయింది. "పిల్లల ప్రాణాల మీదికొస్తే పెళ్లి కబుర్లేంది ఉస్తాద్?"

"అరవమాక. పందిరుందా లేదా?"

"అన్నీ పందిళ్లే. డేరాలు. ఆస్పత్రే డేరాలో ఉంది."

"అట్ట చెప్పు. ఇది పెళ్లి పందిట్లో కూలరు మోత."

అప్పుడు వెలిగింది నాకు. మా వైపు ఎండాకాలం పెళ్లి ఏది చూసినా ఇదే వరస. టెంట్‌హౌస్ వాళ్లు ఎక్కడో మీటరు దగ్గర నుంచి సన్న వైరు లాక్కొస్తారు. ఆ చివర పెళ్లికొడుకు పక్కన పెట్టిన కూలరు మూలుగుతుంది తప్ప తిరగదు. పెద్దలు దాన్ని కొడతారు, కదుపుతారు, కంపెనీని తిడతారు. కూలరులో ఏ లోపమూ ఉండదు, లోపమంతా కరెంటును చివరిదాకా అందనివ్వని ఆ సన్న వైరుది.

"మిషను చావలా. దానికి తిండి అందటంలా" అన్నాడు ఉస్తాద్.

"వోల్టేజి చూశాడంట ఉస్తాద్, బాగానే ఉందంట."

"యాడ చూశాడు? జనరేటరు కాడ చూసుంటాడు. కూలరు తిరక్కపోతే మీటరు కాడ కొలిస్తే ఏం లాభం? ఫ్రిజ్ కాడ చూడమను. అది లేవబోయేటప్పుడు చూడమను."

ఇంగ్లీషులో చెప్పాను. మావాడు వోల్టేజి చూసే మీటరు పట్టుకుని ఫ్రిజ్ దగ్గర నిలబడ్డాడు. గుంయ్ మనగానే రెండొందల ముప్పై దగ్గర ఉండాల్సిన ముల్లు నూట యాభైకి పడిపోయిందని కేకేశాడు. అప్పుడు బయటపడింది అసలు సంగతి. తల్లుల వరసకు దగ్గరగా ఉంటుందని నిన్న సాయంత్రం ఫ్రిజ్‌ను కొత్త డేరాలోకి మార్చారట. లైట్లకు వాడే సన్న వైర్లు మూడు కలిపి లాగారట. మిగిలిన వైరు చుట్టచుట్టి బల్ల కింద పెట్టారట. పైగా అదే వైరు మీద టీ కెటిలొకటి!

"టీ తాగకపోతే చస్తారా? పీకెయ్యమను" అన్నాడు ఉస్తాద్. నేను కాస్త మర్యాదగా అనువదించాను. "ఫ్రిజ్‌ను కదపొద్దు. జనరేటరునే దాని కాడికి తోసుకురమ్మను. లావు వైరు, పొట్టిది, సూటిగా ఇవ్వమను. ఇచ్చేముందు మిషన్ని కాసేపు చల్లారనియ్యమను."

ఫోన్లో జనం అరుపులు, చక్రాల చప్పుడు. జనరేటరును తోస్తున్న వాళ్లలో వరసలో నిలబడ్డ తండ్రులూ ఉన్నారని మావాడు చెబుతున్నాడు. తర్వాత మిషను చల్లారడానికి ఆగారు. ఆ కాసేపు నేను అరుగు మీద గోళ్లు కొరుక్కుంటూ కూర్చున్నాను. ఏడున్నర డిగ్రీలయిందని డాక్టరమ్మ గొంతు వినిపించింది.

గుంయ్ మంది. టక్ కోసం చూశాను. రాలేదు. ఆ మోత సన్నబడి, నున్నగా, ఆగకుండా సాగిపోయింది. ఉస్తాద్ కళ్లు తెరిచాడు. వెల్దుర్తి కొట్టాయన తొడ మీద చరుచుకుని, "లేచింది!" అన్నాడు, తన ఫ్రిజ్ లేచినంత సంబరంగా.

డిగ్రీలు దిగడం మొదలయ్యేదాకా ఫోను పెట్టనివ్వలేదు నేను. ఏడున్నర దగ్గర ఆగింది, ఏడుకొచ్చింది. "చెప్పు, టీకాలు ఆపమంటావా?" అంది డాక్టరమ్మ. "మొదలుపెట్టండి!" అని అరిచిన అరుపుకు బస్టాండులో కండక్టర్లు వెనక్కి తిరిగి చూశారు. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. జీవితంలో అంత గొప్పగా నాకెప్పుడూ అనిపించలేదు. ఉస్తాద్ ఫోను లాక్కుని తెలుగులోనే, "ఒరేయ్ తమ్ముడూ, ఆ సన్న వైరు పారెయ్" అన్నాడు. నా మాటల్లో ఆ పిలుపు పదిసార్లు విన్నాడేమో, అవతల నుంచి మావాడు, "ఓకే ఉస్తాద్!" అన్నాడు.

సాయంత్రం నేను మళ్లీ షాపుకు వెళ్లాను. శిబిరం నుంచి ఫొటో వచ్చింది. ఫ్రిజ్ తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల అరలన్నీ ఖాళీ. ఉస్తాద్‌కు చూపిస్తే ఆయన ముఖం మాడిపోయింది.

"ఇదేందమ్మాయ్, ఖాళీగా ఉంది? మళ్లీ ఆగిందా? సరుకంతా పారబోశారా?"

"లేదు ఉస్తాద్. అన్నీ పిల్లలకు వేసేశారు. ఒక్క సీసా మిగల్లేదు."

ఆయన నా ఫోను తీసుకుని, అద్దాలు పెట్టుకుని చానాసేపు చూశాడు. తర్వాత బాగైన ఫ్రిజ్‌ను ఆటోలోకి ఎక్కిస్తున్న వెల్దుర్తి ఆయన్ని పిలిచి, ఆ ఖాళీ అరలు చూపించాడు. "చూడు, పొద్దున మనం లేపిన ఫ్రిజ్. మొత్తం అయిపోయినయ్."