చదివాను, సరిగ్గా ఉంది

మా ప్రెస్సులో ప్రూఫులు దిద్దే ఆవిడను అందరం సిరా అక్క అంటాం. చూపుడువేలికి ఎర్ర సిరా అంటని రోజు ఆవిడ జీవితంలో లేదని మెషిన్ నడిపే బాబాయి ఎవరితోనైనా పందెం కాస్తాడు. ఇరవై ఏడేళ్లుగా అదే బల్ల, అదే కుర్చీ. కుర్చీకి ఒక కాలు పొట్టి. దాని కింద పాత కాలెండరు అట్ట మడిచి పెట్టి ఉంటుంది. ఆ అట్టను ఆవిడే మార్చాలి. ఇంకెవరు మార్చినా కుర్చీ ఊగుతుందంటుంది.

మనిషి ముక్కుసూటి. తప్పు కనిపిస్తే ఊరుకోదు. అయితే ఆ పట్టుదలంతా కాగితం మీద తప్పులకే అని నేను చాలాకాలం అనుకున్నాను. ఆవిడ కూడా అలాగే అనుకుందని తర్వాత తెలిసింది.

నేను ఆవిడ ఎదుటి కుర్చీలో కూర్చుంటాను. నా పని కాపీ చదవడం. అంటే ఆర్డరు ఇచ్చినవాళ్లు రాసి పంపిన కాగితం నేను గట్టిగా చదువుతాను, అచ్చుకు సిద్ధమైన ప్రూఫు మీద ఆవిడ పెన్ను నడుస్తుంది. మాటలే కాదు, కామాలూ ఫుల్‌స్టాపులూ కూడా పైకి చదవాలి. కంప్యూటర్లు వచ్చాక ఇదెందుకని నవ్వేవాళ్లున్నారు. ఒకసారి మా ఓనరు గారు అలాగే నవ్వి, చదివించకుండా కాలెండర్లు అచ్చు వేయించారు. ఫిబ్రవరికి ముప్ఫై రోజులు వచ్చాయి. మొత్తం తూకానికి అమ్ముకున్నాక మళ్లీ నవ్వలేదు.

పనిలో చేరిన రోజునే అక్క నాకు చెప్పింది.

“అర్థం జోలికి పోకు అమ్మాయ్. అర్థంలో పడ్డావా, అక్షరం జారిపోతుంది. మనకి కావలసింది అక్షరం.”

ఆ మాట నాకు ఎంత వంటబట్టిందంటే, మూడు వందల పేజీల డిటెక్టివ్ నవల మొదటి నుంచి చివరి దాకా గట్టిగా చదివి ఇంటికి వెళ్తే మా ఆయన “ఇంతకీ చంపిందెవరు?” అని అడిగాడు. ఎవరో చచ్చారన్న సంగతే నాకు తెలియదు.

చదవడం అయ్యాక ప్రూఫు అడుగున ఒక ముద్ర వేస్తాం. “చదివాను, సరిగ్గా ఉంది” అని ఉంటుంది. దాని కింద మూడు సంతకాలు: చదివినవాళ్లది, దిద్దినవాళ్లది, ఓనరుది. మూడూ పడితేగాని మెషిన్ కదలదు. ఇది ఓనరు గారి నాన్నగారు పెట్టిన పద్ధతి. కాలెండర్ల తర్వాత కొడుకు కూడా బుద్ధిగా పాటిస్తున్నారు.

నాకు ఏడో నెల వచ్చింది. కుర్చీకీ బల్లకీ మధ్య నా పొట్ట పట్టక పక్కకు తిరిగి కూర్చుని చదువుతున్నాను. ఒకరోజు ఓనరు గారు పిలిచి చాలా మెత్తగా చెప్పారు.

“నెలాఖరు దాకా రామ్మా. తర్వాత ఇంట్లో హాయిగా విశ్రాంతి తీసుకో. బిడ్డ కాస్త పెద్దయ్యాక వద్దువుగాని. అప్పటికి ఖాళీ ఉంటే చూద్దాం.”

‘ఉంటే’ అన్న మాట నాకు వినపడింది. అయినా నేను థాంక్స్ చెప్పి వచ్చాను. ఇప్పుడు తలుచుకుంటే నా నోటి మీద నేనే కొట్టుకోవాలనిపిస్తుంది. మా ఆయన బస్సుల షెడ్డులో మెకానిక్కు. ఇద్దరి జీతాలతో నడిచే ఇల్లు మాది. నా ఉద్యోగం పోతే అద్దెకుంటున్న రెండు గదులూ వదిలేసి, బిడ్డతో ఎక్కడో ఒంటి గదిలో సర్దుకోవాలి. అన్నిటికంటే, ఆ పని నాకిష్టం. నా గొంతులోంచి వెళ్లందే ఏ కాగితమూ బయటికి వెళ్లదన్న గర్వం నాకుండేది.

“అడిగి చూడరాదూ? అడగందే అమ్మైనా పెట్టదు” అన్నాడు మా ఆయన.

“ఏమని అడగను? సెలవిచ్చి, ఇంట్లో కూర్చోబెట్టి జీతమివ్వండి అనా? నవ్విపోతారు” అన్నాను.

అక్కకు చెబితే పెన్ను ఆపకుండానే “అందరికీ అంతేనే. నాకూ అంతే అయింది” అంది. అక్కడితో ఆ మాట ముగిసింది.

ఆ వారంలోనే కార్మిక శాఖ ఆఫీసు నుంచి గోడ పోస్టరు ఆర్డరు వచ్చింది. రెండేళ్లకో మూడేళ్లకో ఒకసారి వచ్చేదే. పనిచేసేచోట్ల అంటించడానికి వేలల్లో అచ్చు వేయించుకుంటారు. నా నాలుగేళ్లలో నేనే రెండుసార్లు చదివాను. అక్క ఎన్నిసార్లు దిద్దిందో లెక్కలేదు. సాయంత్రానికల్లా మెషిన్ ఎక్కాలని ఓనరు గారు పొద్దున్నే హడావుడి చేశారు.

సరేనని ఎప్పటిలాగే గుర్రమెక్కినట్టు గబగబా మొదలుపెట్టాను. “గర్భవతి అయిన ప్రతి ఉద్యోగినికీ కామా సంస్థ చిన్నదైనా పెద్దదైనా కామా ప్రసవానికి ముందూ తర్వాతా పూర్తి జీతంతో సెలవు పొందే హక్కు ఉంది ఫుల్‌స్టాప్ ఆ సెలవు కారణంగా ఆమెను పనిలోంచి తీసివేయరాదు ఫుల్‌స్టాప్ తిరిగి వచ్చినప్పుడు…”

అప్పుడే లోపల బిడ్డ గట్టిగా తన్నింది. ఊపిరి పట్టేసి ఆగిపోయాను.

“ఏమైంది?” అంది అక్క.

“ఏం లేదక్కా, తన్నింది.”

“తన్నితే తన్నిందిలే. ఎక్కడున్నాం?”

ఎక్కడున్నామో చూడటానికి కాగితం మీదికి వంగాను. ఆగకుండా చదివేటప్పుడు పట్టుబడని అర్థం, ఆగి చూసేసరికి ఎదురుగా నిలబడింది. మళ్లీ మొదటినుంచి, కామాలు లేకుండా, మెల్లగా చదివాను. “తిరిగి వచ్చినప్పుడు ఆమెకు అదే పని, అదే జీతం ఇవ్వాలి.”

“అక్కా, ఇది నా గురించే” అన్నాను.

అక్క పెన్ను పేపరు మీద ఆగిపోయింది. అక్కడ చిన్న ఎర్రటి బొట్టు పడింది. ఆవిడ చేతిలో ప్రూఫు పాడవడం నేను చూడటం అదే మొదటిసారి. లేచి, పాత ప్రూఫులు దాచే బీరువా తెరిచింది. సంతకాలు పెట్టిన ప్రతి ప్రూఫూ అందులో ఉంటుంది. ఆ పోస్టరు ఫైలు తీసి ఒక్కో కాగితం తిప్పుకుంటూ పోయింది. ఒకచోట ఆగి, కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూసింది.

నేను వంగి చూశాను. పంతొమ్మిదేళ్ల కిందటి ప్రూఫు. కాగితం పచ్చబడిపోయింది. అవే వాక్యాలు. అడుగున “చదివాను, సరిగ్గా ఉంది”. దాని కింద అక్క సంతకం.

“తారీఖు చూడు. ఇది దిద్దిన మూడు వారాలకి మా పిల్ల పుట్టింది. అప్పుడు నన్నూ ఇంటికే పంపేశారు. నలభయ్యో రోజున వచ్చి బతిమాలితే కొత్తగా చేర్చుకున్నారు. కొత్త మనిషి జీతానికి. పిల్లని పక్కింటావిడ దగ్గర వదిలేసి వచ్చేదాన్ని. పాలు కారి జాకెట్టు తడిసిపోతే ప్రూఫు అడ్డం పెట్టుకుని కూర్చునేదాన్ని” అంది.

ఆవిడ మామూలుగానే చెప్పింది. నాకే ఏడుపొచ్చింది. ఏడుపు కంటే కోపం ఎక్కువొచ్చింది. దీపం కింద చీకటి అంటారు కదా, మేము ఆ దీపాన్నే ఏళ్ల తరబడి అచ్చు వేసి ఊరంతా పంచిపెట్టాం.

“ఎవరో దాచిపెడితే తెలియకపోవడం వేరు. నా చేత్తో దిద్దుకున్నానే!” అంది అక్క. తర్వాత తన కుర్చీ కింద అట్ట సరిచేసుకుని, గట్టిగా కూర్చుని, మిగతాది చదవమంది. ఒక్క కామా కూడా వదలకుండా పూర్తి చేశాం. ముద్ర వేశాం. నేను సంతకం పెట్టాను. ఆవిడ పెట్టలేదు.

పదకొండింటికి ఓనరు గారు మా బల్ల దగ్గరికి వచ్చారు. ఆయన నిక్కర్లేసుకునే రోజుల నుంచీ ప్రెస్సులో తిరిగిన మనిషి. అక్క ఆయన్ని బాబూ అంటుంది, ఆయన ఈవిడను అక్కా అంటారు.

“అయిందా అక్కా? ఇటివ్వు, సంతకం పెడతాను.”

“నేనింకా పెట్టలేదు బాబూ. ఇందులో ఒక తప్పుంది.”

“ఏం తప్పు?”

“సంస్థ చిన్నదైనా పెద్దదైనా అని రాశారు. మన ప్రెస్సులో అలా జరగట్లేదు. ఈ పిల్లని నెలాఖరుకి మానేయమన్నావు. అంటే పోస్టరులోనైనా తప్పుండాలి, ప్రెస్సులోనైనా తప్పుండాలి. ఏది దిద్దమంటావు?”

ఓనరు గారు నావైపు చూశారు. నేను తల దించుకోలేదు. మెషిన్ దగ్గర బాబాయి చేతులు తుడుచుకుంటూ ఇటు తిరిగి నిలబడ్డాడు. ఆ చేతులు తుడవడం ఎంతకీ అవలేదు.

“అదేంటక్కా, మనం అచ్చు వేసేవాళ్లం. అది చదువుకునేవాళ్లకి.”

“మరి సిగరెట్టు పెట్టెల మీద హెచ్చరిక కూడా మనమే అచ్చు వేస్తాంగా. పొగ మన ఊపిరితిత్తులకి పట్టదా?”

బాబాయి కిసుక్కున నవ్వాడు. ఓనరు గారు గడియారం వైపు చూశారు. అంత చెడ్డమనిషేం కాదు. మెత్తటివాళ్లను చూస్తే మొత్తబుద్ధి, అంతే. “సరేలే, ముందు మెషిన్ ఎక్కించండి. ఈ సంగతి వచ్చే నెల మాట్లాడుకుందాం” అన్నారు.

“అలాగే. ఒక్క పని మిగిలింది. ఫోన్ నంబరు సరిచూడాలి” అంది అక్క.

ఇది మా దగ్గర మామూలే. అచ్చులో ఏ ఫోన్ నంబరు ఉన్నా అక్క ఆ నంబరుకు ఫోన్ చేసి చూడందే వదలదు. పోస్టరు అడుగున “ఫిర్యాదులకు” అని ఒక నంబరుంది. ఓనరు గారికి సంగతి వెలిగేలోపే అక్క ఫోను తీసి నొక్కింది. అవతల ఒకావిడ పలికింది. ఫోను స్పీకరులో ఉండటంతో మాకందరికీ వినపడుతోంది.

“ప్రెస్సు నుంచండీ. మీ పోస్టరులో నంబరు సరిచూస్తున్నాం” అంది అక్క.

“సరైన నంబరేనండీ. ఇంకేమైనా చెప్పాలా?”

అక్క ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి, పాఠం అప్పజెప్పించుకునే టీచరులా ఓనరు గారి వైపు తిరిగింది.

“ఇంకేమైనా చెప్పాలా అని అడుగుతున్నారు బాబూ. ఏం చెప్పమంటావు?”

నా కుర్చీ, మా రెండు గదులు, కడుపులో బిడ్డ, అన్నీ ఆ అడ్డం పెట్టిన అరచేతి కింద ఉన్నట్టనిపించింది. ఓనరు గారు చిన్నగా అన్నారు.

“దరఖాస్తు రాసివ్వమను.”

“ఇంకేం లేదండీ, సరిగ్గానే ఉంది” అని అక్క ఫోన్ పెట్టేసింది.

నేను అక్కడికక్కడే రాశాను. అక్క దిద్దింది. ‘దయచేసి’ అని మూడుచోట్ల పెడితే రెండు కొట్టేసింది. “ఒక్కటి చాలు, మర్యాదకి” అంది. ఓనరు గారు కాగితం పైనుంచి కిందిదాకా చదివి పెన్ను తీశారు. అనుమతించానని రాయాలి కదా. అలవాటు చొప్పున “చదివాను, సరిగ్గా ఉంది” అని రాసి సంతకం పెట్టేశారు. రాశాక చూసుకుని తల గోక్కున్నారు. కొట్టేయబోతుంటే అక్క ఆపింది.

“ఉండనీ బాబూ. అంతకంటే బాగా ఎవరూ రాయలేరు.”

వెళ్లబోతూ ఆయన గుమ్మం దగ్గర ఆగారు. “అక్కా, అప్పుడు నీకు మా నాన్న…”

“మీ నాన్నా సంతకం పెట్టారు, నేనూ పెట్టాను. ఇద్దరం చదివామనే రాశాం. పో, మెషిన్ ఆగి ఉంది” అంది అక్క. అప్పుడు ప్రూఫు మీద తన సంతకం పెట్టి ఆయన చేతికిచ్చింది.

జీతంతో సెలవు తీసుకున్నాను. ఆడపిల్ల పుట్టింది. ఏ నెలా జీతం ఆగలేదు. రెండు గదులూ మావే. సెలవు అయ్యాక మళ్లీ ప్రెస్సుకు వెళ్తే నా కుర్చీ నా చోటే ఉంది. అన్నాళ్లూ బాబాయే కాపీ చదివాడట. ఆయన గొంతులో పెళ్లికార్డు కూడా పోలీసు నోటీసులా వినపడేదని అక్క మొత్తుకుంది. గోడ మీద, సరిగ్గా ఓనరు గారి గదికి ఎదురుగా, మేం అచ్చు వేసిన పోస్టరు అంటించి ఉంది. నాలుగు మూలలా గట్టిగా జిగురు పెట్టారు. ఆ పని ఎవరిదో నేను అడగలేదు.

ఆ వారమే కార్మిక శాఖ వాళ్లు ఇంకొన్ని వేలు కావాలన్నారు. పోల్చి చూసుకోవడానికి బీరువాలోంచి ఫైలు తీశాను. పచ్చబడిన ఆ పంతొమ్మిదేళ్ల కిందటి ప్రూఫు చేతికొచ్చింది. అడుగున “చదివాను, సరిగ్గా ఉంది”, అక్క పాత సంతకం. దాని పక్కన కొత్తగా ఎర్ర సిరాతో ఒక వాక్యం, నా దరఖాస్తు మీదున్న తారీఖే వేసి ఉంది.

“ఇప్పుడు చదివాను.”

తలెత్తి చూశాను. అక్క పెన్ను మూత తీసి కూర్చుని ఉంది.

“ఏం చూస్తున్నావ్? మొదలుపెట్టు. మెల్లగా చదువు” అంది.