మామ్మ నోటికి అడ్డం పెట్టుకున్న చెయ్యి

మాస్టారు ఆ మాట అనలేదు. ఇన్నేళ్ళూ మా ఇంట్లో పెద్దవాళ్ళందరూ ఆయనే అన్నారనుకున్నారు, నేనూ అనుకోనిచ్చాను. మొన్న చలికాలంలో బిష్టుపూర్‌లో ఒక టీ బండి దగ్గర బొగ్గుల పొయ్యి రాజేస్తుంటే ఆ పచ్చి పొగ కళ్ళలోకి వచ్చింది. దాంతోపాటే సిద్ధగోరాలో మా క్వార్టరు, దాని ముందు గడిచిన సాయంత్రాలు, నాలుగేళ్ళ మా తమ్ముడు రమణ గొంతు, అన్నీ ఒక్కసారిగా వచ్చి మీద పడ్డాయి. దాచుకునే ఓపిక కూడా తగ్గిపోయింది నాకు.

నాన్న ఈ హిందీ ఊళ్ళో ఉక్కు కంపెనీలో ఫిట్టరు. రమణ పుట్టినప్పుడు అమ్మకి సాయంగా శ్రీకాకుళం వైపు మా ఊరి నుంచి నాన్న వాళ్ళ అమ్మ వచ్చి మా దగ్గరే ఉండిపోయింది. మేం మామ్మ అనేవాళ్ళం. ఆమెకి హిందీ ముక్క రాదు. రమణకి అన్నం పెట్టడం, నూనె రాయడం, వీపు మీద చరుస్తూ నిద్రపుచ్చడం అన్నీ ఆమే కాబట్టి వాడి నోట్లో మామ్మ తెలుగు దిగింది. వీధిలోకి వెళ్ళి ఆడుకుంటాడు కాబట్టి హిందీ కూడా దిగింది.

చలికాలంలో ఎండ తొందరగా పల్చబడేది. నాన్న మొదటి షిఫ్టు దిగి, స్నానం చేసి నులక మంచం మీద కూలబడే వేళకి అమ్మ పొయ్యి బయటికి తెచ్చి కిరసనాయిలు గుడ్డ పెట్టి ముట్టించేది. వరసలో ఇళ్ళన్నిటి ముందూ అదే పని, వీధంతా పొగ. నిప్పు ఎర్రబడి పొయ్యి లోపలికి వెళ్ళేదాకా ఎవరికీ పనుండేది కాదు. ఆ కాసేపట్లోనే మా రమణ బకెట్ బోర్లించుకుని దానిమీద కూర్చుని ఆ రోజు వార్తలు చదివేవాడు. ఇటు తిరిగి మామ్మకి తెలుగులో, అటు తిరిగి గోడవతల ఇంట్లో ఉండే ఛప్రా ఊరి ఆంటీకి హిందీలో.

“మామ్మా, గాయ్ వచ్చీసింది. మన గోబీ మొత్తం ఖాయించీసింది!”

“ఓలమ్మ! ఆవుకి ఆ మాత్రం ఆకలేత్తాదిలే నాయినా. నువ్వేటి సేసేవు?”

“నాను డండా అట్టుకున్నాను. అది సూసింది. నాను ఇంట్లోకొచ్చీసేను.”

నాన్న పడీపడీ నవ్వేవాడు. రోజంతా ఇనుము మోతలో ఉండి వచ్చే మనిషి మళ్ళీ చెప్పించుకుని మరీ నవ్వేవాడు. ఆంటీ వాళ్ళ ఛఠ్ పండక్కి పంపిన ఠేకువా అప్పాలు మామ్మ ఒళ్ళో పెట్టుకుని, బెల్లం పాకం ముదిరిందనో, నెయ్యి తగ్గిందనో ఏదో అనేది. రమణ ఆ వంకలన్నీ మింగేసి, “మామ్మకి చాలా నచ్చాయట” అని గోడవతలికి హిందీలో చెప్పేవాడు. ఆ వయసుకి అంత లౌక్యం ఎక్కడిదో!

అందరికీ ముద్దొచ్చే ఆ మాటలు నాకు మాత్రం గొంతులో ముల్లులా ఉండేవి. నాకు పదేళ్ళు. మైదానంలో ఆడుకుంటుంటే రమణ “అన్నా, వత్తన్నాను, ఏటాడతన్నారు?” అని అరుచుకుంటూ పరిగెత్తుకొచ్చేవాడు. నా స్నేహితులు బ్యాట్ కింద పడేసి నవ్వేవాళ్ళు. “అరే, తేరా ఏటీ ఆ గయా!” నీ ఏటీ వచ్చాడురోయ్ అని. వాడికి ఏటీ అని పేరు పెట్టారు, నాకు ఏటీ వాళ్ళన్న అని. వాడు ఆ పేరుకి పలికేవాడు కూడా, సంతోషంగా.

మరుసటి ఏడు రమణని నా బళ్ళో చేర్చాలని నాన్న ఒక సాయంత్రం మాట ఎత్తాడు. ఆలోచించి అన్నానని చెప్పలేను. నోటికి వచ్చేసింది. “ఇంట్లో తెలుగు మాట్లాడితే తమ్ముడికి సీటు రాదని మాస్టారు చెప్పారు.”

నాన్న సరిగ్గా చదువుకోలేదు. మాస్టారి మాట అంటే ఆయనకి తిరుగులేదు. పైగా కంపెనీలో తోటివాళ్ళు కొందరు అప్పటికే పిల్లలతో హిందీలో మాట్లాడుతున్నారు. ఆ రోజు నుంచి రమణతో ఎవరూ తెలుగు మాట్లాడకూడదన్నాడు.

“మరి నాను ఏ బాసలో మాటాడాలిరా?” అంది మామ్మ.

నాన్న తల దించుకున్నాడు. “కొన్నాళ్ళు మాటాడకమ్మా. గుంటడి సదువు కోసం.”

మామ్మ మాట తప్పలేదు. రమణ వచ్చి ఒళ్ళో ఎక్కి “మామ్మా, ఏటయిందో తెలుసా” అనగానే తన నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకునేది. రెండో చేత్తో ముద్ద కలిపి పెట్టేది. వాడు ఆ చెయ్యి లాగేవాడు, గిల్లేవాడు, ఏడ్చేవాడు. కొన్నాళ్ళకి లాగడం మానేశాడు. సాయంత్రాలు ఆంటీకి హిందీలో రెండు ముక్కలు చెప్పి ఊరుకునేవాడు, తర్వాత అదీ లేదు. ఎండలు ముదరకముందే మామ్మ ఊరికి పోతానంది. రైలెక్కించడానికి నేనూ వెళ్ళాను. నిజం చెప్పడానికి ప్లాట్‌ఫారం మీద కావలసినంత సేపు దొరికింది. చెప్పలేదు. ఆమె మళ్ళీ రాలేదు.

రమణకి సీటు వచ్చింది. ఇంట్లో ఏ భాష మాట్లాడతారని బళ్ళో ఎవరూ అడగనేలేదు.

ఇప్పుడు ఆ క్వార్టర్లు లేవు, వీధి పొడుగునా లేచే ఆ పొగ లేదు. నాన్నా లేడు, ఛప్రా ఆంటీ వాళ్ళు ఎటు వెళ్ళారో తెలియదు. రమణ ఈ ఊళ్ళోనే సోనారిలో ఉంటాడు. తెలుగు అర్థమవుతుంది, నోరు తిరగదు. పోయిన నెల వాళ్ళింటికి వెళ్ళాను. వాడి చిన్న కూతురు బడి కబుర్లన్నీ గుక్క తిప్పుకోకుండా చెబుతోంది. వింటూ వింటూ వాడు నా వైపు తిరిగి హిందీలో అడిగాడు. “అన్నయ్యా, మామ్మ నాతో ఎందుకు మాట్లాడేది కాదు? నేను దగ్గరికి వెళ్తే నోరు మూసుకునేది, అదొక్కటే గుర్తుంది. నేనంటే ఇష్టం లేదా ఆమెకి?”

వాడు ఇన్నేళ్ళూ అలా అనుకుంటూ పెరిగాడని నాకు తెలియదు.

నాన్న తెలుగు వద్దన్న ఆ సాయంత్రం తర్వాత వాడితో నేనెప్పుడూ తెలుగు మాట్లాడలేదు. ఈ మాట మాత్రం వేరే భాషలో రాలేదు.

“మామ్మకి నువ్వంటే ప్రాణంరా. నీతో మాటాడొద్దని నాన్న సేత సెప్పించింది నానే. మాస్టారి పేరు పెట్టి అబద్దమాడేను. తప్పు నాది రమణా, నన్ను చమించు.”